సూపరింటెండెంటు గారి సంచిలో సినిమా

గురువారం, జులై నెల మూడో వారం. సాయంత్రం, ఆఫీసు వేళ ముగిశాక. స్థలం: నాంపల్లిలో మా కార్యాలయం, రెండో అంతస్తు. హాజరైనవారు: సూపరింటెండెంటు గారు (అధ్యక్షులు), అకౌంటెంటు, టైపిస్టు మేడం, డ్రైవరు, ఆఫీసు సబార్డినేట్ (టీ ఇవ్వడానికి వచ్చి, ఖాళీ గ్లాసులు తీసుకుపోయే నెపంతో చివరిదాకా ఉండిపోయినది). రాసినవాడు: నేను, రిక్రియేషన్ క్లబ్బు కార్యదర్శిని. చర్చనీయాంశం: పోస్టులో సినిమా డిస్కులు తెప్పించే చందా కొనసాగించాలా, మానాలా.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన వారం నుంచి రోజూ రాస్తున్నాను. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోకుండా ఏ సంగతీ మొదలుపెట్టలేను. మన పెళ్లికి కూడా హాజరు పట్టీ రాశారా అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది. రాశాను.

ఫోను మీద వేలు పెడితే సినిమా వచ్చే కాలంలో పెరిగిన మీకు ఆ చందా సంగతి కొంచెం చెప్పాలి. ఒక కంపెనీ ఏడాదికి ఇంతని తీసుకునేది. వాళ్ల వెబ్‌సైటులో మనకు కావలసిన సినిమాలు వరుసగా పెట్టుకోవాలి. వరుసలో మొదటి సినిమా డిస్కును కవరులో పెట్టి పోస్టులో పంపేవారు. చూసేసి, వాళ్లే ఇచ్చిన తిరుగు కవరులో పెట్టి పంపిస్తే రెండోది వచ్చేది. ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు, జరిమానా లేదు. అందులోనే ఉంది చిక్కు. డిస్కు ఇంట్లో పడి ఉన్నన్నాళ్లూ చందా నడుస్తుంది, సినిమా నడవదు.

ఈ ఆలోచన మా టైపిస్టు మేడం తెచ్చింది. క్లబ్బుకు ఉన్న ఒకే ఒక్క క్యారమ్స్ బోర్డు నీళ్లు తగిలి ఉబ్బిపోయింది. కొత్తది కొందామా, ఇది తీసుకుందామా అన్నప్పుడు అందరూ సినిమాకే చేతులెత్తారు. ఎవరి మనసులో వాళ్ల సినిమా ఉంది కాబట్టి అంత తొందరగా ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది. చివరికి వరుస పెట్టే పని కూడా ఆవిడకే అప్పగించాం. సెక్షనులో కంప్యూటరు ఉన్నది ఆవిడ బల్ల మీదే. తిరుగు కవరును అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేసి రావడం నా పని. మధ్యాహ్నం భోజనం అయ్యాక నడిచి వెళ్లేవాడిని. ఆ ఎండలో, ఆ బస్సుల మధ్య, అరటిపండ్ల బండ్లను తప్పించుకుంటూ, ఒక సినిమాను సంచిలో పెట్టుకుని నడవడం నాకు భలే సరదాగా ఉండేది.

సరదా ఎక్కువ సార్లు దొరకలేదు. దానికి కారణం మా ఆఫీసు పద్ధతి.

ప్రభుత్వ కార్యాలయంలో ఒక సర్క్యులర్ వస్తే ముందు సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వెళ్తుంది. ఆయన చూసి పొట్టి సంతకం పెడితే కిందివాడికి వస్తుంది. అతను చూసి ఇంకా కిందికి. మొదటి డిస్కు వచ్చిన రోజు ఎవరో, ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు, దాని కవరుకు ఒక చీటీ గుచ్చి మా హోదాలన్నీ వరుసగా రాశారు. అలా చేయమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి. ఆనాటి నుంచి సినిమా మా ఆఫీసులో సర్క్యులర్ లాగే తిరిగింది: సూపరింటెండెంటు గారు, అకౌంటెంటు, నేను, టైపిస్టు, డ్రైవరు, సబార్డినేట్.

అకౌంటెంటు ఒక్క రాత్రిలో చూసేసేవాడు. నేను రెండు రాత్రులు తీసుకునేవాడిని, మా ఆవిడకు మధ్యలో నిద్ర వస్తుంది కాబట్టి. కానీ అంతకు ముందు సూపరింటెండెంటు గారి దగ్గర డిస్కు వారాల తరబడి ఉండేది. ఆయన పాతకాలపు కృష్ణా జిల్లా మనిషి. నాన్నగారు రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఉద్యోగం మీద ఇక్కడికి వస్తే, హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. శుక్రవారం సాయంత్రం డిస్కును జిప్పు సంచిలో పెట్టుకుని వెళ్లేవారు, సోమవారం పొద్దున అదే సంచిలో తెచ్చేవారు.

"అయిపోయిందాండీ సార్?" అని అడిగితే, "పరిశీలనలో ఉందండీ" అనేవారు. ఆ మాట తర్వాత మా ఆఫీసులో ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

ఇక టైపిస్టు మేడం సంగతి. మెదక్ వైపు మిషన్ స్కూల్లో చదువుకున్న క్రైస్తవ కుటుంబం ఆవిడది. సికింద్రాబాదులో ఉండేది, లోకల్ రైల్లో నాంపల్లి స్టేషనుకు వచ్చేది. మనిషి హుషారు. ఇంగ్లీషు ఎంత వేగంగా టైపు చేసేదంటే, అధికారులు డ్రాఫ్టు రాసి ఇచ్చి టీ తాగేలోపు తప్పులు దిద్దిన కాపీ వచ్చేది. ఆవిడకు వినికిడి తగ్గిపోతోందని ఆఫీసులో నాకొక్కడికే తెలుసు. తెలుసునని అనుకున్నాను.

నాకెలా తెలిసిందంటే, ఒకసారి ఆవిడ కూడా అబిడ్స్‌లో పని ఉండి నాతో నడిచింది. రోడ్డు దాటుతుంటే వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆవిడ తన మాట తాను చెప్పుకుంటూ నిమ్మళంగా నడుస్తోంది. చెయ్యి పట్టి పక్కకు లాగాను. పోస్టాఫీసు మెట్ల మీద ఆగి, నా ముఖంలోకి చూసి తనే నవ్వేసింది.

"మీరు కనిపెట్టిన్రు కదా సార్. ఎవరికీ చెప్పకుండ్రి. వినపడదంటే నన్ను రికార్డు రూముకు పంపుతరు. గాడ కూసుంటే మనిషి మొఖం గూడ కనపడదు."

పెదవులు చూసి మాటలు అందుకుంటోందట. ఎదురుగా ఉన్నవాళ్లతో ఇబ్బంది లేదు. ఇంట్లోనే కష్టం. సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చుంటారు, ఒకరు ఏదో అంటారు, ఇంకొకరు నవ్వుతారు. ఆవిడకు సగం అర్థమయ్యేలోపు మాట వేరే దారి పట్టేది. ఏమన్నారని ఎన్నిసార్లు అడుగుతుంది? అడగడం మానేసి వంటింట్లో పని కల్పించుకునేది. అప్పుడే ఎవరో చెప్పారు, ఈ కంపెనీ పంపే అసలు డిస్కుల్లో మాటలు అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయని.

"మా ఇంట్ల ఇప్పుడు నేనే ముందు నవ్వుత సార్" అంది. "మనిషి మాట పూర్తి చేయకముందే కింద అక్షరాలు పడ్తయి. నేను నవ్వంగనే మా చిన్నది మొత్తుకుంటది, మమ్మీ, జోకు ముందే ఖరాబ్ చేస్తున్నవ్ అని."

ఆ అనువాదాల గురించి ఆవిడ చెప్తుంటే కడుపు పట్టుకోవాల్సిందే. హీరోయిన్ తల్లి ఊపిరి తీసుకోకుండా శాపనార్థాలు పెడుతుంటే అడుగున 'దయచేసి వెళ్లు' అని ఒక్క ముక్క పడిందట. "ఆమె అంత మర్యాదస్తురాలు కాదని నాకు మొఖం చూస్తేనే తెలుస్తున్నది" అంది.

అలాంటి ఆదివారాలు ఆ ఏడాదిలో ఆవిడకు దక్కినవి చాలా కొద్ది. అయినా చందా గడువు ముగుస్తోందని నేను మీటింగు పెట్టేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. అకౌంటెంటు లెక్క కట్టాడని, మానేద్దామని అందరినీ ఒప్పించాడని అప్పటికే తెలిసిపోయింది. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, నేను ఏం మాట్లాడను. మీరు గూడ నా ముచ్చట ఎత్తొద్దు. చందా పోతే పోనీ. మళ్ల వంటింట్ల కూసుంట, గంతే కదా."

నవ్వుతూనే అంది. నేను మాట ఇచ్చాను. ఇచ్చాక, ఎందుకిచ్చానా అని సాయంత్రం దాకా పెన్ను కొరుక్కున్నాను.

మీటింగు మొదలైంది. నేను మినిట్స్ రాసే పద్ధతి మా ఆఫీసులో ఒక పరిహాసం. తీర్మానం మాత్రమే రాస్తే చాలని అందరూ అంటారు. నేనైతే ఎవరన్న మాట వాళ్లన్నట్టే రాస్తాను. ఆ రోజు ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను. ప్యాడును పక్కకు కొంచెం వంచి పెట్టాను. నా ఎడమ పక్కన టైపిస్టు మేడం కూర్చుంది.

అకౌంటెంటు లేచాడు. నల్గొండ మనిషి, మాటలో కారం, మనసులో ఏమీ ఉండదు.

"సార్, మనం చూసిన సినిమాలు లెక్కపెడితే ఒక్క చెయ్యి వేళ్లు చాలు. గీ చందా పైసలతోని సెక్షన్ మొత్తాన్ని బాల్కనీల కూసోబెట్టొచ్చు, సమోసాలు గూడ తినిపియ్యొచ్చు. ఇది చందా కాదు సార్, డిస్కులకు మనం ఇంటి కిరాయి కడుతున్నట్టున్నది."

డ్రైవరు అందుకున్నాడు. పుట్టి పెరిగింది అఫ్జల్‌గంజ్ దగ్గర. "సెక్రటరీ సాబ్, ఆదివారం అబిడ్స్ పోండ్రి. పుస్తకాల పక్కపొంటి డిస్కులు పరిచి పెడ్తరు. ఒక్క డిస్కుల మూడు సినిమాలు. పోస్టు లేదు, చందా లేదు, ఫికర్ లేదు."

సూపరింటెండెంటు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "ప్రభుత్వ కార్యాలయం క్లబ్బులో దొంగ డిస్కులా? ఏమిటయ్యా నువ్వు మాట్లాడేది? కార్యదర్శి గారూ, అది రాయకండి."

"రాసేశానండీ."

"అయితే కొట్టేయండి."

ఒకే ఒక్క గీత గీశాను, కింద అక్షరాలు కనపడేలా. టైపిస్టు మేడం అది చదివి, అందరి కంటే కొంచెం ఆలస్యంగా నవ్వింది.

సబార్డినేట్‌ను అడిగితే ఆమె గ్లాసులు సర్దుతూనే, "నన్నెందుకు అడుగుతున్రు సార్? గా డిస్కు నా దాక ఎన్నడన్న వచ్చిందా? దాని మొఖం నలుపో తెలుపో నాకు ఎరుక లేదు" అంది.

మాట్లాడిన ముగ్గురూ ఒకవైపే ఉన్నారని తేలిపోయింది. సూపరింటెండెంటు గారు రైలు వేళ చూసుకునేవాళ్లలా గోడ గడియారం వైపు తిరిగి, "సరే, ప్రతిపాదన టైపిస్టు గారిది కదా. మీరేమంటారమ్మా?" అన్నారు.

ఆవిడ నా ప్యాడు చూస్తోంది. ఆ వాక్యం నేనింకా రాయలేదు. సూపరింటెండెంటు గారు ఇటు తిరిగి, జవాబు రానందుకు కనుబొమలు ఎత్తారు. నేను గబగబా ప్రశ్న రాశాను. ఆవిడ చదివింది. తల ఎత్తి అందరి ముఖాలూ చూసింది. లేచి నిలబడింది.

"సార్, మీరు అటు తిరిగి అడిగిన్రు. నాకు వినపడలే. ఇటు తిరిగి అడిగినా సగమే వినపడ్తది. కొన్నేండ్ల సంది గిట్లనే ఉన్నది. ఆఫీసుల ఎవ్వరికీ చెప్పలే."

నా పెన్ను ఆగిపోయింది. నేను మినిట్స్ రాయడం మానేసిన సందర్భం సర్వీసు మొత్తంలో అదొక్కటే.

"థియేటర్‌కు పోతే నాకు ఉత్త బొమ్మలే. టీవీ గూడ అంతే. అబిడ్స్ డిస్కుల కింద అక్షరాలు రావు. వచ్చినా వేరే సినిమావి వస్తయి. మా ఆయన తెచ్చిండు ఒకటి, పెండ్లి సీన్ నడుస్తుంటే కింద బాంబు ఎక్కడ పెట్టినవ్ అని వచ్చింది. గీ కంపెనీ డిస్కుల సక్కగ వస్తయి. ఆదివారం మా ఇంట్ల అందరు నవ్వుతుంటే నేను గూడ నవ్వుతున్న. అకౌంటెంట్ సార్ లెక్క తప్పని నేను అనను. నాకైతే గిట్టుబాటే అయింది. గిదే నా మాట. ఇగ రికార్డు రూముకు పంపుతరో, ఏం చేస్తరో, మీ ఇష్టం."

డ్రైవరు చెయ్యి ఊపి, ఆవిడ తనవైపు చూసేదాకా ఆగాడు.

"మేడం, మాకు ఎరుకే."

"ఏం ఎరుక?"

"వినపడదని. మిమ్మల్ని కలెక్టరాఫీసుకు తీస్కపోయేటప్పుడు కింద హారన్ కొట్టకుండ రెండు అంతస్తులు ఎక్కి వచ్చి పిలుస్త కదా? ఎందుకనుకున్నరు?"

"నువ్వు మంచి మర్యాద గల మనిషివి అనుకున్న."

"అరే, నా మోకాళ్లను అడగుండ్రి మేడం!"

సబార్డినేట్ గ్లాసులు కింద పెట్టేసింది. "నేను చాయ్ తెస్తే ముందుగాల మీ బల్ల మీద చెయ్యి ఆనిస్త గదమ్మా, మీరు ఉలిక్కిపడకుండ" అంది. ఇక అకౌంటెంటు సంగతి. ఎదురు బల్ల నుంచి ఆవిడకు ప్రతి చిన్న విషయానికీ చీటీ రాసి పంపేది అతనే. నోటితో చెప్పే మాటకు కాగితం దండగ చేస్తున్నావని ఒకసారి సూపరింటెండెంటు గారి చేత తిట్లు కూడా తిన్నాడు. ఇప్పుడు చెవులు ఎర్రబడి కిటికీలోంచి నాంపల్లి స్టేషను వైపు చూస్తున్నాడు.

అందరికీ తెలుసు. ఎవరికి వారు తమకొక్కరికే తెలుసుననుకుని, ఆ సంగతి ఆవిడ దగ్గరే కాక ఒకరి దగ్గర ఒకరం కూడా దాచుకున్నాం. తెలియనివారు ఒక్క సూపరింటెండెంటు గారే. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడకు ఎదురుగా తిరిగి, ఒక్కో మాట విడదీసి అన్నారు.

"రికార్డు రూములో కంప్యూటరు లేదు కదమ్మా. అక్కడికి పంపితే నా డ్రాఫ్టులు ఎవరు టైపు చేస్తారు?"

ఆవిడ ఆ పెదవుల వంక కాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుర్చీలో కూర్చుంది. అంతలోనే మళ్లీ లేచింది.

"అయితే సార్, ఇంకొక్కటి. ఇప్పుడొచ్చిన డిస్కు మీ దగ్గరికొచ్చి నెల అయితుంది. అది నాకు కావాలె."

ఏ కార్యాలయంలోనూ పైఅధికారిని ఇలా అడగరు. సూపరింటెండెంటు గారు సంచి దగ్గరికి లాక్కున్నారు. జిప్పు తీశారు, మూశారు, మళ్లీ తీశారు. కవరు బయటికి వచ్చింది. డ్రైవరు మెడ చాచాడు.

"సీలు గూడ తీయలేదేంది సార్!"

నిజమే. కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

"కిందికి పంపే ముందు తీస్తాను" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకే ముందు తట్టింది. గొంతు సవరించుకున్నారు. "మా ఇంట్లో దాన్ని ఆడించే పెట్టె లేదండీ. మొదటిసారే చెప్పాల్సింది. వచ్చినరోజే కిందికి పంపేస్తే, సూపరింటెండెంటు చూడకుండానే వదిలేశాడంటారు. అందుకని కొన్నాళ్లు... పరిశీలనలో ఉంచేవాణ్ణి."

నవ్వాలని ఉన్నా ఎవరికీ ధైర్యం చాలలేదు. అకౌంటెంటు పెదవి కొరుక్కున్నాడు, డ్రైవరు నేల చూశాడు. ముందు నవ్వింది టైపిస్టు మేడమే. ఆ ముఖాన్ని కళ్లార్పకుండా చూస్తున్నది ఆవిడ ఒక్కతే మరి. ఆ వెనక మేం, చిట్టచివర సూపరింటెండెంటు గారు.

తీర్మానం: చందా కొనసాగించడమైనది. ఇకపై డిస్కు ముందు టైపిస్టు గారికి, తర్వాత సబార్డినేట్, డ్రైవరు, అలా పైకి. నా మాట కూడా రాయండి, పెట్టిన పైసలకు ఇది గిట్టదు, అని అకౌంటెంటు పట్టుబట్టాడు. రాశాను. అతని లెక్క సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో ఉన్న సినిమా చందాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని నన్నడిగింది. ఏది ఎవరు చూస్తున్నారని నేనడిగాను. ఎవరూ ఏమీ చూడట్లేదు తాతయ్యా, కానీ తీసేయాలంటే మనసొప్పట్లేదు అంది. సూపరింటెండెంట్లు ఇంకా ఉన్నారన్నమాట. ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు పిల్లలూ. లెక్క వేసుకోండి, తప్పులేదు. లెక్క తేల్చేముందు, ఇంట్లో నవ్వు ఎవరి దాకా వస్తోందో, ఎవరి దగ్గర ఆగిపోతోందో ఒకసారి కనుక్కోండి.

మర్నాడు, శుక్రవారం. నేను వచ్చేసరికి సెక్షను గోలగా ఉంది. డ్రైవరూ సబార్డినేటూ మేడంతో గొంతు చించుకుని మాట్లాడుతున్నారు. "అరవకుండ్రి, నాకు చెవులు లేవు గని కండ్లున్నయి. ఎదురుంగ నిలబడి మామూలుగ మాట్లాడుండ్రి" అని ఆవిడ వాళ్లను దబాయిస్తోంది. రాత్రే సినిమా చూసేసిందని, ఆదివారం దాకా ఆగలేకపోయిందని నాకు చెప్పింది.

సూపరింటెండెంటు గారు వచ్చారు. తన గదిలోకి వెళ్లలేదు. సరాసరి టైపిస్టు మేడం బల్ల ముందుకు వచ్చి, ఆవిడ తల ఎత్తేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎత్తాక, చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని ఒకసారి చూసుకున్నారు. మేమందరం వింటున్నాం.

"ఆ సినిమా నెల రోజులు మోశానమ్మా. కథేమిటో కొంచెం చెప్తారా?"

ఆవిడ కీబోర్డు పక్కకు జరిపి మొదలుపెట్టింది. హీరో ఎవరు, అతని అన్న ఎట్లాంటివాడు, ఊళ్లో తగాదా ఎందుకొచ్చింది. ఎవరెవరు ఎట్లా మాట్లాడారో చేతులతో, ముఖంతో చేసి చూపిస్తోంది. పెళ్లి ఆగిపోయే చోటుకు వచ్చేసరికి అకౌంటెంటు కలం మూసేశాడు. సూపరింటెండెంటు గారు నిలబడి నిలబడి కాలు మార్చుకున్నారు.

"ఆ తర్వాత?"

"ఇంకా ఇంటర్వెల్ గూడ రాలేదు సార్. కూసోండ్రి."

మా సూపరింటెండెంటు గారు పక్కనున్న స్టూలు తానే లాక్కుని, టైపిస్టు బల్లకు ఇవతలి వైపు కూర్చున్నారు.